పిల్లలూ అమానతే, చరిత్రా అమానతే

చలికాలం రాగానే పాఠశాలల్లో విజ్ఞాన యాత్రల సందడి మొదలవుతుంది. నోటీసు బోర్డు మీద కాగితం అంటించిన రోజు నుంచి పిల్లలకు నిద్ర పట్టదు. అనుమతి పత్రం ఇంటికి చేరిన రోజు నుంచి తల్లిదండ్రులకు నిద్ర పట్టదు. ఈ రెండు రకాల జాగారాల నడుమ నిలబడేవాడు, పిల్లల వెంట వెళ్లే ఉపాధ్యాయుడు. చాలా ఏళ్లుగా పిల్లలను ఇలా తీసుకువెళ్తున్న అనుభవంతో మాకు బోధపడిన నాలుగు మాటలను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

2024 డిసెంబరులో నల్గొండ వైపు నుంచి మా పాఠశాల పిల్లలను హైదరాబాదులోని గోల్కొండ కోటకు, కుతుబ్‌షాహీ సమాధులకు తీసుకువెళ్లాము. 7, 8 తరగతుల పిల్లలు 48 మంది. వారిలో 9 మంది ముస్లిమేతరులు. పెద్దవాళ్లం నలుగురం: ఉర్దూ చెప్పే మేము, సోషల్ మాస్టారు, ఇద్దరు ఆపాలు.

తండ్రి అడిగిన ప్రశ్న

బయలుదేరడానికి మూడు రోజుల ముందు, ఎనిమిదో తరగతి అమ్మాయి తండ్రి బడికి వచ్చాడు. అనుమతి పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంతకం లేదు.

“మౌల్వీ సాబ్, మీ మీద నమ్మకం లేక కాదు. ఆడపిల్ల. చీకటితో పోయి చీకటికి వస్తుందంటే వాళ్లమ్మ ఒప్పుకోవడం లేదు” అన్నాడు.

ఇలాంటి తండ్రులను వెనుకబడినవారని కొట్టిపారేయడం తేలిక. కాని ఆయన భయంలో తప్పేముంది? కూతురిని అప్పగించేవాడికి అడిగే హక్కు ఉంది, తీసుకువెళ్లేవాడికి జవాబు చెప్పే బాధ్యత ఉంది. ఆయనను కూర్చోబెట్టి అన్నీ వివరించాము. ఫజర్ నమాజు కాగానే బస్సు కదులుతుంది, ఇషా వేళకు తిరిగి వస్తుంది. అమ్మాయిలు ముందు వరుసల్లో, ఇద్దరు ఆపాల మధ్య కూర్చుంటారు. దారిలో ఎక్కడ ఆగేదీ ముందే నిర్ణయమై ఉంది. ఆపాల ఫోను నంబర్లు పత్రం వెనుక రాసి ఉన్నాయి.

ఆయన అన్నీ విని మరో ప్రశ్న వేశాడు. “సమాధుల దగ్గరికి కూడా తీసుకుపోతారట కదా, అక్కడ పిల్లలకు ఏం చెబుతారు?”

మేము చాలాకాలంగా ఎదురుచూస్తున్న ప్రశ్న ఇది. బస్సు ఎన్నింటికని అందరూ అడుగుతారు. అక్కడ ఏం చెబుతారని అడిగేవారు అరుదు. సమాధుల దగ్గరికి వెళ్లేది ఏదో కోరుకోవడానికి కాదనీ, ఒకనాడు ఈ నేలను ఏలినవారు ఇప్పుడు ఎలా ఉన్నారో చూసి మన ముగింపును గుర్తుచేసుకోవడానికనీ చెప్పాము. రాజుల మంచిని మంచిగా, చెడును చెడుగా చెబుతామని కూడా అన్నాము.

ఆయన పత్రం తీసి సంతకం పెట్టాడు. లేస్తూ, “అమానత్ హై, మౌల్వీ సాబ్” అన్నాడు.

ఆ ఒక్క మాట మమ్మల్ని దారి పొడవునా వెంటాడింది. అమానత్ అంటే మనకు అప్పగించిన సొత్తు. తీసుకున్నది తీసుకున్నట్టుగా తిరిగి ఇవ్వాలి, తరుగు ఉండకూడదు. యాత్రకు వెళ్లే ఉపాధ్యాయుడి చేతిలో ఇలాంటి అమానతులు రెండు ఉంటాయి. మొదటిది పిల్లలు. రెండవది, వారికి చెప్పబోయే చరిత్ర.

లెక్క తప్పిన ఐదు నిమిషాలు

మొదటి అమానతు సంగతి ముందు చెబుతాము. గోల్కొండ చూడముచ్చటైన కోటే గాని, పిల్లలకు అంత సులువైన చోటు కాదు. బయటి ప్రాకారానికి 87 బురుజులు, 8 దర్వాజాలు ఉన్నాయని చెబుతారు. బాలా హిసార్ శిఖరానికి చేరాలంటే మూడు వందలకు పైగా మెట్లు ఎక్కాలి. గోడల అంచులు చాలాచోట్ల మోకాలెత్తుకు మించవు. చీకటి గదులు, గబ్బిలాలు, అరిగిపోయి నునుపెక్కిన మెట్లు ఉన్నాయి. వీటికి తోడు ఈ రోజుల్లో ఫోనులో బొమ్మ తీసుకోవడానికి గోడ అంచు ఎక్కే సరదా ఒకటి.

అందుకే పిల్లలను 12 మంది చొప్పున నాలుగు జట్లు చేసి, జట్టుకొక పెద్దను పెట్టాము. ప్రతి పిల్లవాడికీ ఒక నంబరు, ఒక జోడు. మెడలో పాఠశాల పేరు, ఫోను నంబరు ఉన్న చీటీ. ప్రతి దర్వాజా దగ్గరా లెక్క. ఇక ఒక్కటే గట్టి నియమం: దారి తప్పితే వెతుక్కుంటూ తిరగవద్దు. ఎక్కడ ఉన్నావో అక్కడే కూర్చో, మేమే వస్తాము.

శిఖరం నుంచి దిగి లెక్క చూస్తే 47. ఆరోజు మరో రెండు పాఠశాలల వాళ్లు కూడా వచ్చారు. వాళ్ల యూనిఫారాలూ మా పిల్లల యూనిఫారాలూ దూరం నుంచి ఒకేలా కనబడుతున్నాయి. ఆపాల ముఖాల్లో రక్తం లేదు. లేని నంబరు 31 అని తేలింది. అతని జోడును అడిగితే “అంబర్‌ఖానా దగ్గర చెప్పు తెగింది సార్, కట్టుకుని వస్తానన్నాడు” అన్నాడు. సోషల్ మాస్టారు పైకి పరుగెత్తారు. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో 1642లో కట్టిన ధాన్యాగారం అది. దాని మెట్టు మీద 31వ నంబరు చెప్పు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. “మీరే వస్తారన్నారు కదా సార్” అన్నాడట.

ఆ ఐదు నిమిషాలు మాకు ఐదు గంటలయ్యాయి. ఈ సంగతి ఇక్కడ రాయడానికి కారణం ఉంది. పిల్లవాడు దొరికింది అదృష్టం వల్ల కాదు. జట్టు ఉంది, నంబరు ఉంది, జోడు ఉంది, లెక్క ఉంది, అక్కడే కూర్చోవాలన్న మాట ఉంది. అల్లాహ్ మీద భారం వేయడమంటే ముందు ఒంటెను కట్టేసి ఆ తర్వాత వేయడమని మన పెద్దలు చెప్పేది ఇదే. విహారయాత్ర పత్రం మీ ఇంటికి వచ్చినప్పుడు, ఎంతమంది పిల్లలకు ఎందరు పెద్దలు వస్తున్నారు, లెక్క ఎక్కడెక్కడ చూస్తారు అని నిర్మొహమాటంగా అడగండి. మంచి ఉపాధ్యాయుడు నొచ్చుకోడు.

చప్పట్ల వెనుక ఉన్నవారు

గోల్కొండ అనగానే పిల్లలకు చప్పట్లే గుర్తు. ద్వారం గుమ్మటం క్రింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో ఉన్న బాలా హిసార్ మీద వినబడుతుంది. అందరూ క్రింద కొడతారు గాని, పైన వినేవాడు ఉండడు. మేము రెండు జట్లను ముందుగా పైకి పంపి, మిగతా రెండు జట్లను క్రింద ఉంచాము. సమయం నిర్ణయించుకుని పైవాళ్లను నోరు మూసుకొని నిలబడమన్నాము. చప్పట్ల సంఖ్యను పైవాళ్లు కాగితం మీద రాశారు. దిగాక సరిచూస్తే సరిపోయింది. శత్రువు వచ్చినా, అర్జీదారు వచ్చినా పైకి కబురు అందే ఏర్పాటు అది. ఆ ముక్క వాళ్లకు ఇక మరపు రాదు.

అలాగే గోడల్లో కనిపించే మట్టి గొట్టాలను చూపించాము. దిగువ నుంచి నీటిని అంచెలంచెలుగా తొట్లలోకి తోడి కొండ మీదికి ఎక్కించిన పద్ధతిని సోషల్ మాస్టారు నేల మీద బొమ్మ గీసి చెప్పారు. కోటకు మంచినీరు దుర్గం చెరువు నుంచి వచ్చేది. ఇప్పుడు ఆ చెరువు చుట్టూ అద్దాల మేడలు లేచాయి.

“సార్, వజ్రాల గని ఎక్కడ?” అని ఒకడు అడిగాడు. గని ఇక్కడ లేదు. గోల్కొండ వజ్రాలని ప్రపంచం చెప్పుకొనేవి కృష్ణా తీరాన కొల్లూరు వంటి గనుల నుంచి వచ్చినవి. ఆ కొల్లూరు చాలావరకు ఈనాడు పులిచింతల జలాశయం నీటిలో ఉంది. 17వ శతాబ్దంలో అక్కడికి వెళ్లిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, దాదాపు 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తారు. “మన వయసు పిల్లలా సార్?” అని ఒక అమ్మాయి అడిగింది. అవునన్నాము. కోట మీద నిలబడిన పిల్లలకు రాజు ఒక్కడే కనిపించకూడదు. ఆ రాజు కిరీటానికి మట్టి మోసిన పిల్లవాడు కూడా కనిపించాలి.

జైలు గది ముందు

రెండవ అమానతుకు పరీక్ష రామదాసు జైలు దగ్గర ఎదురైంది. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారుకు చెల్లించాల్సిన శిస్తు సొమ్మును భద్రాచల రామాలయానికి ఖర్చు చేశాడన్న అభియోగంపై ఖైదులో పెట్టారు. పన్నెండేళ్లు ఆ చీకటిలో ఉన్నాడని జనశ్రుతి. గది గోడ మీద చెక్కిన బొమ్మలను పిల్లలు చూస్తుండగా, ముస్లిమేతర పిల్లల్లో ఒకడు మెల్లగా అడిగాడు: “సార్, ముస్లిం రాజు కాబట్టే రామదాసును జైలులో పెట్టాడా?”

ఒక్కసారిగా నిశ్శబ్దం. మా పిల్లలు కొందరు తలవంచుకున్నారు, కొందరి కళ్లలో కోపం. సోషల్ మాస్టారు మా వైపు చూశారు. ఇలాంటి చోట పెద్దలు చేసే పొరపాట్లు రెండు. ఒకటి, ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి గద్దించడం. రెండు, రాజు తరఫున వకీలుగా మారడం. రెండూ అమానతులో ఖియానతే.

మేము ఆ పిల్లవాణ్ణి ముందుకు పిలిచి భుజం మీద చేయి వేశాము. “మంచి ప్రశ్న నాయనా. ఈ చెరసాల చూస్తే ఎవరికైనా బాధ కలుగుతుంది, మాకూ కలుగుతుంది. అయితే మిగతా సంగతులు కూడా విని నువ్వే ఆలోచించు” అన్నాము.

రామదాసు కాలంలో ఏలినవాడు అబుల్ హసన్ తానాషా. మన తెలుగువాళ్లు తానీషా అంటారు. ఆయన రాజ్యంలో సర్వాధికారాలు గల మంత్రి మాదన్న, ఆయన అన్న అక్కన్న. ఇద్దరూ బ్రాహ్మణులు. రామదాసుకు వాళ్లు మేనమామలని చెబుతారు. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషా నుంచే వస్తున్నదని ప్రతీతి. 1686లో అక్కన్న మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఈ కోట పడిపోయింది. పడగొట్టింది ఎవరు? ఔరంగజేబు. ఆయనా ముస్లిమే. కోట బయట నమాజు చేసే సైన్యం, కోట లోపల నమాజు చేసే సైన్యం. చివరకు లోపలివాడే ఒకడు లంచానికి లొంగి రాత్రివేళ దర్వాజా తెరిచాడు. అబ్దుర్రజ్జాఖ్ లారీ వంటివాడు మాత్రం ఒళ్లంతా గాయాలైనా ఉప్పు తిన్న ప్రభువు కోసం పోరాడాడు.

“రాజులు శిస్తు కోసం ఖైదు చేస్తారు, రాజ్యం కోసం యుద్ధం చేస్తారు. వాళ్ల పేర్లు చూసి వాళ్ల మతాన్ని లెక్కగట్టవద్దు. వాళ్ల పనులు చూడండి” అన్నాము.

అప్పుడు మా పిల్లల్లో ఒకడికి ధైర్యం వచ్చింది. వాడి ప్రశ్న మరీ కష్టమైనది. “మరి ఈ వంశంలో కొడుకే తండ్రిని చంపించాడంటారు, నిజమేనా మౌల్వీ సాబ్?”

నిజమే. ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చి 1518లో రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ, 1543లో ముసలితనంలో మసీదులో నమాజు వేళ హత్యకు గురయ్యాడని చరిత్రకారులు రాశారు. చేయించింది కొడుకు జంషీద్. తండ్రిని చంపినవాణ్ణి ఏ మతమూ సమర్థించదు. దాన్ని మేము పిల్లల ముందు దాచలేదు. మరో కొడుకు ఇబ్రహీం ప్రాణభయంతో విజయనగరానికి పారిపోయాడు. అక్కడ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు ఉన్నాడు. 1550లో తిరిగివచ్చి సింహాసనమెక్కి తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. అదే ఇబ్రహీం 1565లో ఇతర సుల్తానులతో చేరి, తనకు ఆశ్రయమిచ్చిన రామరాయల మీద యుద్ధానికి వెళ్లాడు.

ఈ చివరి ముక్క చెప్పకుండా వదిలేస్తే కథ ఎంతో అందంగా ఉంటుంది. మల్కిభరాముడి గురించి మన సభల్లో చెప్పేటప్పుడు చాలామంది అక్కడే ఆపుతారు. రామదాసు గురించి చెప్పేవాళ్లు మరికొందరు మాదన్న పేరు రాకముందే ఆపుతారు. ఎవరికి వారు తమకు నచ్చిన చోట ఆపితే మన పిల్లలు, వాళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని రెండు వేర్వేరు చరిత్రలు చదువుకుంటారు.

రాజుల కన్నా ముందు రాణి

మధ్యాహ్నం దగ్గరలోని మసీదులో జుహర్ నమాజు అయింది. ఇమాము వెనుక కాబట్టి నాలుగు రకాతులూ పూర్తిగా చేశాము. సాయంత్రం అసర్ వేళకు మాకు మేమే జమాఅత్‌గా నిలబడి ప్రయాణికుల రెండు రకాతులు చేశాము. ఈ తేడా ఎందుకో పుస్తకంలో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆరోజు ఎక్కింది. మేము నమాజులో ఉన్నంతసేపు సోషల్ మాస్టారు మిగతా 9 మందితో చెట్టు క్రింద కూర్చున్నారు. భోజనం మాత్రం అందరికీ ఒకే దస్తర్‌ఖాన్ మీద: తహారీ, పెరుగు చట్నీ, మాంసం తినని పిల్లల కోసం పులిహోర. చివరికి పులిహోర గిన్నె ముందు ఖాళీ అయింది.

ఆ తర్వాత కుతుబ్‌షాహీ సమాధులు. 2013లో మొదలైన మరమ్మతుల వల్ల ఆ ఆవరణ రూపురేఖలే మారిపోయాయి. అదే సంవత్సరం వానలకు కూలిన పెద్ద బావి గోడను తిరిగి నిలబెట్టారు. ఇక్కడి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం దక్కింది. లోపలికి వెళ్లేముందు పిల్లలకు మూడు మాటలు చెప్పాము. పరుగెత్తవద్దు, సమాధుల మీద కూర్చోవద్దు, గోడ మీద గీయవద్దు. రక్షిత కట్టడాలను పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అని కేంద్ర చట్టం చెబుతోంది. కాని చట్టం కన్నా ముందు, మరొకరి కబరు మీద మన పేరు చెక్కుకోవడం ఎంత సిగ్గుమాలిన పనో పిల్లలకు అర్థం కావాలి.

ముందుగా హమ్మాము చూపించాము. రాజుల భౌతికకాయాలకు గుసుల్ ఇచ్చిన చోటు అది. ఎంతటి సుల్తానుకైనా ఆ రోజున ఒంటి మీద ఉన్న నగను తీసి పక్కన పెట్టవలసిందే. పిల్లలు ఆ చల్లని రాతి అరుగును తాకి చూసి మాట్లాడకుండా బయటికి వచ్చారు. తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే ఉందనిపించింది.

ఆయన కూతురు మాత్రం ఒక సమాధి దగ్గర ఆగిపోయింది. “ఇది ఏ రాజుది మౌల్వీ సాబ్?” రాజుది కాదు. హయాత్ బక్షీ బేగందని చెప్పాము. హైదరాబాదు నగరాన్ని కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు. ఆయన తర్వాత ఏలిన సుల్తాన్ ముహమ్మద్ భార్య. 1626లో కొడుకు అబ్దుల్లా 12 ఏళ్ల వయసులో గద్దెనెక్కితే వెనుక ఉండి రాజ్యం నడిపింది. 1656లో అప్పటికి యువరాజుగా ఉన్న ఔరంగజేబు గోల్కొండ మీదికి వచ్చినప్పుడు, కొడుకు తరఫున ఆయన శిబిరానికి వెళ్లి సంధి మాట్లాడింది. 1667లో మరణించింది. ఆమె సమాధి రాజుల సమాధులకు ఏమాత్రం తీసిపోదు.

ఆ అమ్మాయి నోటు పుస్తకంలో ఈ నాలుగు ముక్కలూ రాసుకుంది. ఆ పత్రం మీద సంతకం పడకపోయి ఉంటే ఇవి ఆమెకు ఎవరు చెప్పేవారు? మన అమ్మాయిలను పంపడానికి భయపడే ఇళ్లకు మేము చెప్పేది ఇదే. భయాన్ని ప్రశ్నలుగా మార్చి మా ముందు పెట్టండి. జవాబు దొరికితే పంపండి. జవాబు చెప్పలేని పాఠశాలకు అబ్బాయిని కూడా పంపవద్దు.

తల్లిదండ్రులకు ఒక మనవి

భూమి మీద సంచరించి గతించినవారి పర్యవసానం ఎలా అయిందో చూడమని ఖుర్ఆన్ మనిషిని పదేపదే పిలుస్తుంది. సంచరించడం ఒక్కటే కాదు, చూడమంది కూడా. చూడాలంటే ముందు కొంత తెలిసి ఉండాలి. యాత్రకు వారం ముందే ఆ చోటు గురించి ఇంట్లో ఒక పూట మాట్లాడండి. దాదీ, నానీలకు తెలిసిన సంగతులు చెప్పించండి. విన్నదాంట్లో ఏది చరిత్ర, ఏది జనశ్రుతి అని విడదీసి చెప్పడం పిల్లలకు నేర్పండి. పిల్లవాడి చేతికి ఫోను కన్నా ముందు ఒక నోటు పుస్తకం, పెన్సిలు ఇవ్వండి.

ఉపాధ్యాయ సోదరులకు, సోదరీమణులకు కూడా ఒక మాట. గైడు చెప్పిన ప్రేమకథలతో సరిపెట్టకండి. మనవాళ్ల గొప్ప అని ఛాతీ విరుచుకోకండి, మనవాళ్ల తప్పు అని కుంచించుకుపోకండి. కోటలోని ప్రతి రాయీ మనదే. దాని మీద పడిన నెత్తురు మరకా మనం తెలుసుకోవలసిందే. పిల్లవాడు కష్టమైన ప్రశ్న అడిగాడంటే మిమ్మల్ని నమ్మాడని అర్థం. ఆ నమ్మకానికి ఎదురుగా సగం చరిత్ర పెడితే, మిగతా సగం అతనికి మరెవరో చెబుతారు. వాళ్లు ఏ ఉద్దేశంతో చెబుతారో మనం ఊహించగలము.

సాయంత్రం లెక్కించి అప్పగించవలసింది పిల్లల తలలను మాత్రమే కాదు. వాళ్లు తలల్లో మోసుకువచ్చిన మాటలకు కూడా మనం జవాబుదారులమే.